ఎత్తిపెట్టిన విత్తనం

బంతిపూలు చెడితే నా బిడ్డ మీద పెట్టారు. ఎనిమిది నెలల పసిగుడ్డు. పాకడం కూడా ఇంకా సరిగా రాదు. అది పోయి అరెకరా బంతితోటను పాడుచేసిందట.

ఈ మాట మా మామ యోగానంద ఇంట్లో అనలేదు. వీధి వాకిట్లో, పక్కింటి నాగులమ్మ వింటుండగా అన్నాడు. తిరుపతిలో పూలు అమ్మే కుప్పుస్వామి ఆ రోజు మా మూటలు తిప్పి ఇచ్చేయడానికి టెంపోతో తానే వచ్చాడు. ఒక మూట విప్పి నేల మీద కుమ్మరించాడు.

"ఏం పూలప్పా ఇవి? ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఒకటి లడ్డంత, ఒకటి గుండీ అంత. దండలు కట్టేవాళ్ళు నన్ను తిడతా ఉండారు. పోయినేడు ఇచ్చినావే, ఆ పూలు యాడ పోయినాయి?"

"పోయినేడు ఈ బిడ్డ పుట్టలేదు కదప్పా" అన్నాడు మామ. "నచ్చత్రం మంచిది కాదని చిత్తూరు అయ్యవారు పుట్టినప్పుడే చెప్పినాడు. శాంతి చేయించిందాకా తల్లీబిడ్డా అమ్మగారింట్లో ఉండేది మేలు. ఆదివారం వాళ్ళమ్మను రమ్మంటా."

నా మొగుడు మునికుమార్ టెంపో టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ టైరులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా అత్తగారింట్లో విత్తనం కొనరు. అదొక గొప్ప వాళ్ళకు. బాగా విచ్చిన పూలు చూసి మా అత్త ఆదిలక్ష్మమ్మ కాడలకు పసుపుదారం కడుతుంది. దారం కట్టిన పువ్వును ఎవరూ కోయకూడదు. అది చెట్టు మీదే ఎండాక తెచ్చి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి కుండలో ఎత్తిపెడుతుంది. మళ్ళీ నారు పోసే రోజు ఇంట్లో పాలిచ్చే తల్లి ఉంటే, బిడ్డను చంకనేసుకుని ఆమే విత్తనం చల్లాలి. ఈసారి ఆ తల్లిని నేను. బిడ్డకు అప్పుడు ఐదు నెలలు. పొద్దున్నే మంచు పడుతోంది, జలుబు చేస్తుందేమోనని దాని తలకు టవలు చుట్టి, నా గుండెకు అదుముకుని ఒంటిచేత్తో చల్లాను. నాలుగు రోజులు దాని ముక్కు చూసుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఆ చేయి, ఆ చంకే దోషమయ్యాయి.

పోయినేడు మామ ఒక కొత్త పని చేశాడు. చిత్తూరులో ఒక విత్తనాల అంగట్లో పొట్లం కొనుక్కొచ్చాడు. ఆ చెట్లన్నీ ఒకే ఎత్తు. పూలన్నీ ముద్దగా, నారింజ రంగులో, అచ్చుపోసినట్టు వచ్చాయి. ఊరంతా వచ్చి చూసిపోయింది. అంత మంచి పూలు కనబడితే అత్త ఊరుకుంటుందా, వాటికే దారం కట్టింది. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు.

మామ ఆ మాట అన్న సాయంత్రం బిడ్డ రెండుసార్లు తుమ్మింది. పదిసార్లు నుదురు పట్టి చూశాను. పక్కన ఆడబిడ్డ ధరణి పదో తరగతి పాఠం పైకి చదువుతోంది. పొడుగు బఠాణి మొక్కనూ పొట్టి మొక్కనూ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగే వస్తాయట. వాటి గింజలు మళ్ళీ నాటితే పొడుగువాటి మధ్యలో పొట్టివీ వస్తాయట.

"ఇంకోసారి చదువు ధరణీ" అన్నాను.

"ఏంది వదినా, నీకూ పరీచ్చ ఉండాదా?"

పుస్తకం లాక్కున్నాను. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. నిదానంగా కూడబలుక్కుంటూ చదివాను. నన్ను తొమ్మిదితో బడి మాన్పించారు. ఈ పాఠం పదిలో ఉంది. ఒక్క ఏడాది చదవనిచ్చి ఉంటే, పొద్దున వాకిట్లో నోరు మూసుకుని నిలబడి ఉండేదాన్ని కాదు.

నాకు అర్థమైంది ఇది. పొట్లంలో విత్తనం రెండు వేరువేరు జాతులను కలిపి పుట్టించింది. మొదటిసారి ఒక గుణమే పైకి కనబడుతుంది, రెండోది లోపల దాగి ఉంటుంది. ఆ పూల విత్తనం ఎత్తి చల్లితే దాగినవి కూడా బయటపడతాయి. అవ్వ పోలిక ఒకదానికి, తాత పోలిక ఒకదానికి, ఏదీ దేనిలాగా ఉండదు.

మరునాడు ఆ అంగడికి ఫోను చేశాను.

"హైబ్రిడ్ ఇత్తనం ఎత్తకూడదమ్మా, ప్రతిసారీ కొత్తది కొనాల. పొట్లం మీద రాసే ఉండాది."

"ఏ భాషలో రాసుండాది?" అని అడిగాను. ఫోను పెట్టేశాడు.

బిడ్డను ఎత్తుకుని, ధరణి చేత పుస్తకం పట్టించి బంతి వేసిన కయ్యకాడికి పోయాను. మామ, అత్త, నా మొగుడు ముగ్గురూ అక్కడే ఉన్నారు. గట్టు పొడుగునా అత్త ఏటేటా ఎత్తిపెట్టే పాత విత్తనంతో వేసిన నాటుబంతి ఉంది. చిన్న పూలే, కానీ అన్నీ ఒక్క తీరు.

"మామా, ఇదీ ఆ దినమే చల్లినాను. ఈ చేత్తోనే. బిడ్డ ఇదే చంకలో ఉండింది. దీన్నెందుకు చెడగొట్టలేదు?"

"నాటుది మొండిది. దిష్టి తగల్దు."

ధరణి పాఠం చదివింది. మామ చెయ్యి విదిలించాడు. "బఠాణీలకూ బంతికీ ఏం సమ్మందం మే? పుస్తకాల్లో నూరు రాస్తారు."

అత్త మాత్రం వంగి, చెడిన చెట్ల నుంచి ఒంటిరేకు పసుపు పువ్వు ఒకటి తుంచి చాలాసేపు చూసింది. "నేను దారం కట్టింది ముద్దపూలకే" అంది. "వాటి కడుపున ఇది పుట్టిందంటే, ఇది ఆ ఇత్తనంలోనే ఉండింది."

"అట్లయితే తప్పు నీదే కదా" అన్నాడు మామ ఆమెతో, ఊపిరి తిప్పుకోకుండా. "దారం కట్టింది నువ్వే."

నా ఒళ్ళు మండిపోయింది. బిడ్డ కాకపోతే కోడలు, కోడలు కాకపోతే పెళ్ళాం. ఆయన వేలు ఎటు తిరిగినా ఒక ఆడదాని మీదే ఆగుతుంది.

"పొట్లం తెచ్చింది ఎవురు మామా?"

చివరికి నా మొగుడు, "నాయనా, ఇంక చాలు. బిడ్డ యాడికీ పోదు" అన్నాడు. ఆ మాట కుప్పుస్వామి ముందర అనాల్సింది. అయినా అన్నాడు.

మామ మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన కబురందుకుని ఆదివారం మా అమ్మ నాయుడుపేట నుంచి బస్సులో వచ్చింది. బిడ్డను చంకనేసుకుని, బ్యాగు పట్టుకుని నేను వాకిట్లోనే నిలబడ్డాను.

"లోపలికి రామ్మే, బిడ్డకు ఎండ తగుల్తాది" అంది అత్త.

"లోపల ఎవురూ ఏమీ అనలేదత్తా. ఈడ అన్నారు. పొమ్మన్న చోటే రమ్మనాల. లేకుంటే బస్సుకు పోతాం."

"గమ్మునుండు, సంసారం చెడగొట్టుకుంటావా" అని మా అమ్మ నా చెయ్యి గిల్లింది. బిడ్డ బుగ్గలు ఎండకు కందిపోతున్నాయి. కొంగు కప్పాను గాని కదల్లేదు.

మామ బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. రమ్మని నోరు విప్పి అనడం ఆయన చేత కాలేదు. చేతులు మాత్రం చాచాడు. అయ్యవారు చెప్పినప్పటి నుంచి ఆయన ఈ బిడ్డను ముట్టుకోలేదు. ఇచ్చాను. చొక్కాకు తగలకుండా పూలగంప పట్టినట్టు పట్టుకున్నాడు.

"బరువుండాదే" అన్నాడు.

"ఎనిమిది నెలలు మామా. ఎత్తుకొని ఉంటే తెలిసుండును."