బిగబట్టనన్న రత్నం

పొద్దున్న ఆరింటికి పనిలోకి దిగితే మధ్యాహ్నం మూడింటి దాకా రత్నం చుక్క నీళ్లు ముట్టేది కాదు. ఉపవాస ప్రార్థనేమీ కాదు. బంటుమిల్లి దగ్గర ఆమె పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీ పద్ధతి అలాంటిది. నలభైమంది ఆడవాళ్లు ఐసునీళ్లలో చేతులు పెట్టి, నిలువుకాళ్ల మీద రొయ్యల తలలు తీస్తారు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్ రాజ్ కుమార్ బల్ల మీదున్న అట్టముక్క పట్టుకెళ్లాలి. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే. మనిషికి రోజుకి రెండుసార్లే. మూడోసారి అడిగితే, "అది కడుపా, కాలవా?" అని హాలంతా వినపడేలా అనేవాడు.

ఆ మాట పడేకంటే గొంతెండినా నయమనుకుంది రత్నం. నీళ్లు మానేసింది. వచ్చేదాన్ని బిగబట్టుకోవడం అలవాటు చేసుకుంది. మూడేళ్లు తిరిగేసరికి దొడ్డికి వెళ్లడమంటేనే భయం పట్టుకుంది. రాయిలా గట్టిపడేది. ముక్కి ముక్కి చెమటలు పట్టేవి. తర్వాత గంటసేపు మంట. ఒకనాడు నెత్తురు పడింది. ఆ రాత్రే ఇంట్లో చెప్పింది.

ఆమె భర్త బాబూరావు ఆటో నడుపుతాడు. విని గొంతు తగ్గించాడు. "ఎవరితో అనమాకే. గుడివాడలో ఒకాయన ఉన్నాడంట. ఇలాంటివి ఒక్క ఇంజెక్షన్‌తో రాలిపోతాయంట. చదివిన డాక్టరు కాదుగానీ, చెయ్యి మంచిదంట."

"డాక్టరు కానోడికి అక్కడ నేను చూపించేదేంటయ్యా?" అంది రత్నం. మర్నాడు పని మానుకుని, ఒక్కతే బస్సెక్కి బందరు పెద్దాసుపత్రికి వెళ్లింది.

డాక్టర్ సంజన వయసులో చిన్నదే. తొందరపెట్టకుండా పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మొలలమ్మా ఇవి. అక్కడ రక్తనాళాలు అందరికీ ఉంటాయి. ముక్కడం వల్ల మీకవి ఉబ్బి కిందకి జారాయి. మీరు తప్పు చేస్తే వచ్చినవి కాదు. కాకపోతే, నెత్తురు పడిందంటే మొలలేలే అని ఎవరికి వాళ్లు అనుకోకూడదు. చూపించుకుని మంచిపని చేశారు."

"కొయ్యాలాండీ?"

"ఇప్పుడు అక్కర్లేదు. నీళ్లు బాగా తాగండి. ఆకుకూరలు, పప్పు, జామకాయలు, ఇలా పీచున్నవి తినండి. వచ్చినప్పుడు ఆపుకోవద్దు, రానప్పుడు ముక్కొద్దు. రోజూ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పావుగంట కూర్చోండి, నొప్పి తగ్గుతుంది. రెండు వారాలకి మళ్లీ రండి. నెత్తురు ఆగకపోతే లోపల కూడా చూడాలి."

రత్నం అట్టముక్క సంగతి చెప్పింది. డాక్టరు రాయడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. "అవసరమైనప్పుడల్లా పంపాలని కాగితం రాసిస్తాను. జబ్బు పేరు రాయనా? ఇబ్బందైతే కడుపు నొప్పని రాస్తాను."

రత్నం కాగితం వంక చూసింది. ఎవరికి ఇబ్బంది? మూడేళ్లు నొప్పి పడింది తను. మధ్యలో దాచిపెట్టి కాపాడింది ఎవరి పరువు?

"ఉన్నదే రాయండి," అంది.

మర్నాడు పనిలోకి దిగిన గంటకి గ్లవుజులు తీసి, గుమ్మం పక్క క్యాన్ దగ్గరికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగింది. పదకొండయ్యేసరికి మూడోసారి బాత్రూమ్‌కి బయల్దేరింది. బల్ల దగ్గర ఆగలేదు.

"ఏమ్మా రత్నం, అట్ట ఏది? అది కడుపా, కాలవా?"

ఆమె వెనక్కి తిరిగింది. "కడుపే సార్. మొలలొచ్చినయ్యి. మీ అట్ట కోసం మూడేళ్లు బిగబట్టుకుంటే వచ్చినయ్యి. నెత్తురు పడతంది. ఇదిగో డాక్టరమ్మ కాగితం. గట్టిగా చదవండి, అందరూ వింటారు."

హాల్లో చేతులన్నీ ఆగిపోయాయి. రాజ్ కుమార్ ముఖం కందగడ్డయింది. "ఛీ ఛీ, నలుగురిలో ఏం మాటలివి?"

"మీరు నలుగురిలో అడిగారు, నేను నలుగురిలో చెప్పాను," అని ఆమె వెళ్లింది.

తిరిగొచ్చేసరికి, "ఇంటికెళ్లిపో, రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడతను. రత్నం గ్లవుజులు తొడుక్కుని తన చోట నిలబడి రొయ్యల తలలు తీయసాగింది. "మేనేజరు గారిని చెప్పమనండి, వెళ్తాను."

ఎదుటి వరసలో వెంకటలక్ష్మి ఉంది. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఆమె గ్లవుజులు తీసి క్యాన్ దగ్గరికెళ్లి నీళ్లు తాగింది. అట్ట తీసుకోకుండానే బాత్రూమ్‌కి వెళ్లింది. ఆమె వెనక మరొకామె. ఆపైన లెక్క పెట్టడం రాజ్ కుమార్ వల్ల కాలేదు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి కాగితం చదివాడు. పని ఆగకుండా ఎవరి అవసరానికి వాళ్లు వెళ్లండన్నాడు. అట్ట పోయింది గానీ రాజ్ కుమార్ కోపం పోలేదు. రత్నాన్ని చల్లగాలి సూటిగా తగిలే చివరి బల్లకి మార్చాడు. స్వెట్టర్ వేసుకొచ్చింది తప్ప ఆమె బతిమాలలేదు.

రెండు వారాలకి నెత్తురు ఆగింది. రెండు నెలలకి నొప్పీ పోయింది. ఒక చిన్న ఉబ్బు మాత్రం మిగిలి, కారం ఎక్కువైన రోజున మంటపెడుతుంది.

సెలవునాడు వెంకటలక్ష్మి రత్నంతో బందరు బస్సెక్కింది. తనకీ ఆరేళ్ల నుంచి ఉందట. సీట్లో ఒద్దికగా ఒక పక్కకి ఒరిగి కూర్చుని, "డాక్టరమ్మకి ఏమని చెప్పాలక్కా?" అని గుసగుసలాడింది.

"మొలలని చెప్పు."

ముందు సీటాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"మొలలు బాబాయ్," అంది రత్నం, ఆయనకి సరిగ్గా వినపడలేదేమోనని.