వెర్నర్ గొంతు వచ్చే కుళాయి

పొద్దున్నే కాఫీకి నీళ్ళు పట్టుకోవడంతో ఐలీకి రోజు మొదలయ్యేది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. మిన్నెసోటాలో, పెద్ద సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో, ఏ ఇంటి మీటరు దాటి వచ్చే నీళ్ళకి ఆ ఇంటివాళ్ళ గొంతు అంటుకునేది; కుళాయి తిప్పితే వాళ్ళ మాటలు వినిపించేవి. పక్కింట్లో చేతులు కడుక్కుంటూ "మీవాడికి జలుబు చేసినట్టుందే" అనడం అక్కడ మామూలే. ఐలీ మాట్లాడటమే మానేసింది కాబట్టి ఆమె కుళాయిలో ఉత్త నీళ్ళే వచ్చేవి.

ఆకులు రాలే రోజుల్లో వీధంతా కొత్త మీటర్లు పెట్టారు. మర్నాడు ఆమె కుళాయి తిప్పితే మగగొంతు వినిపించింది.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చానో!"

అది వెర్నర్ గొంతు. అదే ఇంట్లో, మధ్యగోడకి అవతలి భాగంలో ఒంటరిగా ఉంటాడు. ఓడల్లో వంట చేసి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళూ వాకిట్లో మంచు ఎత్తిపోసేటప్పుడు తలూపుకోవడమే తప్ప ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు.

ఐలీ నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మీటర్లు తారుమారయ్యుంటాయి మేడమ్. మీ మీటరు నీళ్ళు ఆయనకీ, ఆయనవి మీకూ పోతున్నాయి. వీధిలో వాల్వు వరకే మా పూచీ. గోడ దాటితే మీదే. ప్లంబర్ని పిలిపించుకోండి."

ఆమె పిలిపించలేదు. "పొయ్యి పక్కన చూడరాదూ?" అని ఓ రోజు కుళాయికి జవాబిచ్చింది. చలికాలమంతా ఆయన సణుగుడికి బదులు చెబుతూ అంట్లు తోమింది. అంట్లు లేని రోజున కూడా కుళాయి తిప్పేది.

జనవరిలో ఒక పొద్దున ఆ గొంతు వణికింది.

"ఎవరైనా ఉన్నారా? కింద గదిలో పైపు పగిలింది. బీరువా మీదపడి కాలు ఇరుక్కుంది. నీళ్ళు నడుందాకా వచ్చేశాయి..."

ఐలీ పరుగెత్తి చూస్తే ఆయన తలుపు లోపల గడియ పెట్టుంది. ఫోన్ చేస్తే అంబులెన్సు బయల్దేరిందన్నారు గానీ రోడ్లన్నీ మంచు. నీళ్ళ ఆఫీసువాళ్ళు మధ్యాహ్నానికి మనిషిని పంపుతామన్నారు.

"అప్పటికి మునిగిపోతాడయ్యా!" అని ఫోన్ పెట్టేశాక ఐలీకి తట్టింది. ఆయన పైపులోకి పోతున్న నీళ్ళు తన మీటరువే కదా!

తన ఇంటి కింద గదిలోకి మెట్లు దిగి మీటరు దగ్గరి వాల్వు పట్టుకుంది. తుప్పు పట్టి కదల్లేదు. తువ్వాలు చుట్టి, ఒళ్ళంతా మోపి తిప్పింది. అరచెయ్యి చీరుకుపోయింది. చివరికి తిరిగింది.

పైకొచ్చి కుళాయి విప్పితే, "ఆగాయి... దేవుడా, ఆగాయి" అని ఏడుపు.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాక, పగిలిన పైపు అతికించడానికి వచ్చిన ప్లంబర్‌తో ఐలీ మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టింది. పని అయ్యాక వంటగదిలో కుళాయి తిప్పి చూసింది. పైపులో నిలిచిన నీళ్ళు, ఎప్పుడో ఆమె అన్న మాటనే, ఆమె గొంతుతో పలికాయి.

"అప్పుడే కట్టెయ్యకండి వెర్నర్. ఇవాళ మా ఇంటికి ఎవరూ రాలేదు."

తన గొంతు అంత దీనంగా ఉంటుందని ఆమెకి తెలియదు. చలికాలమంతా ఆయన ఇది విన్నాడు. ఆమె కుళాయి కట్టేసింది.

"తారుమారైన పైపులు కూడా సరిచేసెయ్యనా అమ్మా?" అన్నాడు ప్లంబర్.

"చేసెయ్ బాబూ."

వెర్నర్ ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం ఐలీ తలుపు చప్పుడైంది. చంకకర్రల మీద నిలబడి ఉన్నాడు.

"మా కుళాయిలో మీ గొంతు రావట్లేదు," అన్నాడు, ఎటో చూస్తూ.

"రాదు. బాగుచేయించాను."

ఆయన తలూపి వెనక్కి తిరగబోయాడు.

"చలిలో ఎక్కడికి?" అంది ఐలీ, తలుపు బార్లా తీసి. "లోపలికొచ్చి వినండి."