పొలాల అమావాస్యకు ఆస్ట్రియా

ఆ ఆవుల నెత్తిన అన్ని పూలు ఏ దేవుడి కోసం పెట్టారు? ఈ అనుమానం నన్ను తొమ్మిదేళ్లుగా వదల్లేదు.

గల్ఫ్‌లో, రూవి బజారులో ఉన్న మా ట్రావెల్స్ ఆఫీసు గోడకు ఆస్ట్రియా దేశం పోస్టర్లు అయిదున్నాయి. నాలుగింటిలో రాజభవనాలు, సరస్సులు. అయిదోదానిలో ఆవుల మంద ఒకటి, మెడల్లో బిందెలంత గంటలు, తలల మీద పూల కిరీటాలతో కొండ దిగి వస్తుంటుంది. చాయ్ పెట్టడం, అద్దాలు తుడవడం నా పని. ఆఫీసులో మనుషుల కంటే ఆ ఆవులే నాకు ఎక్కువ పరిచయం. మాది భీంగల్ దగ్గరి పల్లె. పొలాల అమావాస్య నాడు మేమూ ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, పూలు కట్టి హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పుతాం. కాబట్టి అది వాళ్ల పొలాల అమావాస్యే అయ్యుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా ఆఫీసులో టికెట్లు చూసే ఫక్రుద్దీన్‌ది కామారెడ్డి. రెండు నెలలుగా అతనికి ఒక్క గ్రూపూ కుదరలేదు. "ఇంకొక్క ఫ్యామిలీ తిరిగిపోయిందా, నీ వీసా రెన్యువల్ లేదు. ఇంటికి పో" అని మేనేజర్ చెప్పేశాడు.

సరిగ్గా ఆ వారమే నిజ్వా అనే ఊరి నుంచి ఖల్ఫాన్ అనే అరబ్బు ముసలాయన వచ్చాడు. మేకల బేరంలో తలపండినవాడు. కొడుకులు, కోడళ్లు, మనవలతో కలిపి తొమ్మిది మంది ప్రయాణం. ఫక్రుద్దీన్ వియన్నాతో మొదలుపెట్టాడు. రాజుల భవనాలున్నాయన్నాడు.

"కోట మా ఊళ్లోనే ఉంది" అన్నాడు ముసలాయన. పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ ఆయనది.

"గొప్ప సంగీతం ఉంటుంది, బాబా."

"నాకు ఒక చెవి వినపడదు. రెండోది మా ఆవిడకే చాలడం లేదు. ఆ ఊరు దాటితే ఏముందో చెప్పు."

ఫక్రుద్దీన్ సరస్సు ఒడ్డున హాల్‌స్టాట్ ఊరు అన్నాడు, ఉప్పుగని అన్నాడు. ముసలాయన లేవడానికి కర్ర అందుకున్నాడు. ఫక్రుద్దీన్ ముఖం తెల్లబడింది. చాయ్ ట్రేతో నిలబడ్డ నాకు నోరు ఊరుకోలేదు.

"బాబా, టిరోల్ కొండల్లో ఆవుల పండుగ జరుగుతుంది" అని పోస్టరు చూపించాను.

ముసలాయన దాని దగ్గరికి పోయి, పూలను వదిలేసి పొదుగులు చూశాడు. "మంచి జాతి. ఎప్పుడీ పండుగ?"

తెలియదని చెప్పాల్సింది. నేను పాంట్రీలోకి పోయి, గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో పొలాల అమావాస్య చూసొచ్చి, ఆ పూలు నేనే కట్టినంత ధీమాగా "సెప్టెంబర్ పదకొండు" అన్నాను. ఎనిమిది నుంచి పదిహేను దాకా టికెట్లు తయారైపోయాయి.

"లింబాద్రన్నా, మీ అమాస పోయినేడు ఆగస్టుల ఉండె గదనే?" అని ఫక్రుద్దీన్ తర్వాత అడిగాడు.

"ఈసారి అధిక మాసం అచ్చింది భాయ్. ఏడాదికి పదమూడు నెలలు."

"పదమూడో నెల జీతం ఎవలిస్తరే? మీ దేవుడా, మన మేనేజరా?"

వాళ్లు విమానమెక్కిన మర్నాడు, ఊరేగింపు ఎన్ని గంటలకని ఫక్రుద్దీన్ అక్కడి హోటల్‌కు రాశాడు. జవాబు చదివి పాంట్రీలోకి వచ్చి తలుపు వేశాడు.

"అన్నా, ఆ దేశంల అమాస లేదంట."

"అమాస లేని దేశం ఉంటదా?"

"మజాక్ జెయ్యకు. దానికి తారీఖే లేదంట. కొండ మీద గడ్డి అయిపోయినంక దిగుతయంట. ఈసారి ఇరవై దాటుతదంటున్నరు. ముసలాయన పదిహేనుకే వాపస్ అస్తడు. అచ్చి సీదా మేనేజర్ కాడికే పోతడు. నా వీసా ఖతమ్."

"ముందుగాల దిగెతందుకు ఉపాయం లేదా?"

"మంచు పడితె దిగుతయంట. ఇప్పుడు మంచు ఎవడేస్తడే?"

ఆ సాయంత్రం రూములో దీపం పెట్టి మా లింబాద్రి గుట్ట మీది నరసింహస్వామికి సంగతంతా చెప్పుకున్నాను. చెప్పుకున్నాక సందేహం వచ్చింది. స్తంభంలోంచి వచ్చిన స్వామికి మంచు పని అప్పజెప్పడం న్యాయమేనా? కైలాసంలో ఉన్నాయనకు కాస్త మాట చేరవేయమని వేడుకున్నాను.

"చెప్పినవానే మీ దేవునికి?" అన్నాడు ఫక్రుద్దీన్ తెల్లారి.

"చెప్పిన. నువ్వు గూడ చెప్పు."

"ఐదు పూటలా చెప్తున్న. నీ గురించి గూడ చెప్తున్న."

"ఏమని?"

"ఈయన నోటికి తాళమెయ్యమని."

పదకొండు పోయింది. పన్నెండూ పోయింది. ఫక్రుద్దీన్ రూములో పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. పదమూడో తారీఖు మధ్యాహ్నం అతని ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. ముందు గంటల మోత, తర్వాత ముసలాయన. ఒంటి మీద నాలుగు శాలువాలు. వెనక కొండల మీద తెల్లగా మంచు. రెండు రాత్రులు కురిసిందట, మందలు దిగి వచ్చేశాయట. పూల కిరీటం పెట్టుకున్న ఆవు దవడ పట్టుకుని ఆయన పళ్లు లెక్కపెడుతున్నాడు. దాని యజమాని పగ్గం పట్టుకుని అటు గుంజుతున్నాడు.

"అమ్మనంటాడు వీడు! బేరమే తెలియని మనిషి!"

పక్కన మనవలు వియన్నా పోదామని ఏడుస్తున్నారు. ఆయన వినే చెవిని శాలువాతో కప్పుకున్నాడు.

"బాబా, పూలు ఎందుకు పెట్టారో అడగండి" అన్నాను ఫోనులోకి తల దూర్చి.

మనవడు ఇంగ్లీషులో అడిగి చెప్పాడు. ఎండాకాలమంతా కొండ మీద మేసి, ఒక్కటీ చావకుండా మంద దిగివస్తేనే పూలు పెడతారట. ఒక్కటి పోయినా పెట్టరట.

"ఏ దేవుడికని?"

"అది చెప్పలేదు" అన్నాడు ముసలాయన. "వాడి ధ్యాసంతా నా దగ్గర్నుంచి ఆవును విడిపించుకోవడం మీదే ఉంది."

క్షేమంగా వస్తే పూలు. అది మొక్కు కాకపోతే ఇంకేమిటి? ఎవరి పేరున మొక్కారో ఆ ఆవులవాడికే తెలియాలి. మంచు కురిపించింది మా స్వామో, కైలాసంలో ఉన్నాయనో, ఫక్రుద్దీన్ ఐదు పూటల నమాజో నాకూ తేలలేదు. అమావాస్య దాటి రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి మా స్వామి కాగితాలు కైలాసానికి పంపించే ఉంటాడు.

ముసలాయన తిరిగివచ్చి మేనేజర్ ముందు కూర్చున్నాడు. వియన్నా ముఖం చూడకుండానే వచ్చేశామని గర్వంగా చెప్పాడు. వచ్చే ఏడు పదిహేను మందిమి పోతామన్నాడు. "తారీఖు మాత్రం ఈ చాయ్ మనిషినే అడగండి" అన్నాడు. వచ్చే ఏడు అధిక మాసం లేదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకు ఫక్రుద్దీన్ వీసా రెన్యువల్ అయింది. ఆ సాయంత్రం పాంట్రీలోకి వచ్చి నా చేతిలో ఒక సంచి పెట్టాడు. లోపల కొత్త తోలు చెప్పులు.

"ఏందివి?"

"ఏడేండ్ల కింద జుమ్మాకు పోతుంటె నా చెప్పు తెగింది. నీ కొత్తయి ఏసుకపోయిన. మసీదు కాడ ఎవడో ఏసుకపోయిండు. నువ్వు అడిగినప్పుడల్ల రేపు, రేపు అంటనే ఉన్న. మొన్న ఇంటికి పోవుడే అనుకొని పెట్టె సదురుతుంటె, ఎవ్వరికేం బాకీ ఉన్ననా అని సోచాయించిన. నీ చెప్పులొక్కటే యాదికొచ్చినయి."

కింద పెట్టాను. అతని సంగతి తెలుసు కాబట్టి, రెండూ ఒకే కాలివేమోనని ముందు తిప్పి చూశాను. కావు. వేసుకున్నాను.