వెనక చక్రం కింద సన్నికల్లు

అడక్కుండా సాయానికి దిగిన అల్లుణ్ణి మునెమ్మ నమ్మలేదు. సావుసావు నుంచి ఓడెక్కి, బస్సెక్కి లౌటోకా వచ్చినవాడు టీ కప్పు కింద పెట్టకముందే, "అత్తా, గాడీ ముందు చక్రం వంకరగా ఉంది, నేను ఠీక్ చేస్తా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఇంటి కుళాయి కారుతున్నా కన్నెత్తి చూడని సత్యేంద్రకు ఈ పాత మోరిస్ మైనర్ కారు మీద ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చింది? ఇనుప స్టాండ్లూ జాకీ కూడా అంత దూరం నుంచి మోసుకొచ్చాడంటే, బయల్దేరేటప్పుడే ఏదో మనసులో పెట్టుకున్నాడన్నమాట.

కారు ఆమె భర్తది. ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొత్తలో దాన్ని టాక్సీగా తిప్పాడు. ఆయన పోయాక మునెమ్మ తానే స్టీరింగు పట్టడం నేర్చుకుంది. సింగటోకా వెళ్లి వంకాయలూ బెండకాయలూ వేసుకొచ్చి బజారులో అమ్ముకుంటోంది. ఆ బండి లేకపోతే కూతురి పంచన చేరాల్సిందే. అల్లుడు వడ్డించమంటే వడ్డించిన అన్నం తినడం ఆమె వల్ల కాదు.

పడవలేసుకుని సావుసావులో దిగే తెల్లవాళ్లకు పాత కార్లంటే మోజని కూతురు జసోదే ఒకసారి చెప్పింది. ఆ మాట అప్పట్నుంచీ మునెమ్మ చెవిలో జోరీగలా తిరుగుతోంది. దానికి తోడు సత్యేంద్ర టేపు తీసి కారును కొలవడం మొదలుపెట్టాడు. ఓడలో బండి ఎక్కించాలంటే పొడవెంతో చెప్పాలని ఆమెకు తెలీదా?

"ఎందుకు కొలస్తా ఉండావు అల్లుడూ?"

"రెండు సైడ్లూ బరాబర్ ఉందా చూస్తా అత్తా. ఈ సైడ్ ముందు చక్రం వెనక్కి జరిగింది. లోపల రబ్బర్ ఖతం."

రబ్బరట! మునెమ్మ తలూపింది గానీ ఒక్క ముక్కా నమ్మలేదు. మొగుడి వెంట వచ్చిన జసోద బజారుకు పోయింది. ఇంట్లో ఉంటే మొగుడి ఎత్తేమిటో దాన్నే నిలదీసేది.

పెరడంతా మెత్తటి మన్ను. జాకీ పెడితే దిగబడుతుంది. గట్టినేల అంటే బట్టలుతికే సిమెంటు గచ్చు ఒక్కటే. అదీ నీళ్లు పారడానికి కాస్త వాలుగా ఉంటుంది. సత్యేంద్ర కారును అక్కడికే తీసుకొచ్చి ఆపాడు. ముందు భాగం ఎత్తి, అడుగు చట్రం కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, చక్రాలు ఊడదీశాడు. ఊడదీసిన చక్రాలను పక్కన పారేయక కారు కిందికే పడుకోబెట్టి తోశాడు. చక్రాలు దాచేస్తున్నాడనుకుంది మునెమ్మ. తర్వాత అతను వంటింటి వైపు వెళ్లొచ్చి, కారు చుట్టూ తిరిగి, దాన్ని పట్టుకుని గట్టిగా ఊపి చూసుకుని కిందికి దూరాడు.

మునెమ్మ మెల్లగా వెనక వైపు వెళ్లింది. చేతిబ్రేకు పట్టని బండి దొర్లకుండా ఒక వెనక చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టి ఉంది. రెండో చక్రం కింద ఉన్నదాన్ని చూసి ఆమె గుండె భగ్గుమంది. సన్నికల్లు! వాళ్ల అవ్వ నుంచి వచ్చిన రాయి. పెళ్లిలో ఇదే సత్యేంద్ర జసోద కాలు పట్టుకుని తొక్కించిన రాయి. పసుపు ఆరని ఆ రాతి మీద ఇప్పుడు మురికి టైరు ఆనుకుని ఉంది.

'బండితో పాటు దీన్నీ ఎత్తుకుపోయేట్టున్నాడు' అనుకుంది. అడగడమెందుకు, అబద్ధం వినడమెందుకు? వంగి, రాయిని అటూ ఇటూ కదిలించి బలంగా లాగింది.

కారు మూలిగింది. తడి గచ్చు మీద చెక్కముక్క జారింది. స్టాండ్లు ఒరిగాయి. మోరిస్ ముక్కు ఒక్కసారిగా కిందికి దిగి, పడుకోబెట్టిన చక్రాల మీద ధడాలున కూలబడింది. బయటికి కనిపిస్తున్న సత్యేంద్ర కాళ్లు కదల్లేదు.

"అయ్యో, అల్లుడూ! సత్యేంద్రా!" రాయి గుండెలకు పట్టుకుని మునెమ్మ కేకలు పెట్టింది. జసోదకు ఏం చెప్పాలి?

కాసేపటికి కాళ్లు కదిలాయి. చక్రాలు అడ్డుపడి మిగిల్చిన కాస్త సందులోంచి అతను పాక్కుంటూ బయటికొచ్చాడు. భుజం గీరుకుపోయింది. ముందు కారును చూశాడు, తర్వాత ఆమె చేతుల్లోని రాయిని చూశాడు.

"నువ్వే తీసినావా అత్తా?"

"తీసినా. బండి నువ్వు ఎత్తుకపోతావని... రాయి కూడా..." ఆమె ఒకడుగు ముందుకేసింది. "నిన్ను చంపాలని కాదురా నాయనా!"

"గాడీ నాకెందుకు? సింగటోకా రోడ్డు మీద చక్రం ఊడితే నువ్వు మర్ జాతా, సచ్చిపోతావని జసోద రోజూ ఏడుస్తాది. అందుకే వచ్చినా."

మునెమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వంగి, ఆ రాయిని తన చేత్తోనే మళ్లీ చక్రం కిందికి నెట్టింది. సత్యేంద్ర చెక్కముక్క మళ్లీ బిగించి జాకీ ఎక్కించాడు, స్టాండ్లు సరిచేశాడు, మళ్లీ ఊపి చూశాడు. కిందికి దూరబోతూ ఆగాడు.

"అత్తా, వెనక సైడ్ వద్దు. ఇక్కడ కూర్చో, ముందర. చేతులు నాకు కనపడాల."

మునెమ్మ వచ్చి గచ్చు అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. కారు కింద నుంచి అతను ఒక బోల్టు తిప్పడం, తల తిప్పి ఆ చేతుల్ని చూసుకోవడం. పని అయ్యేదాకా ఆమె ముఖం మీద వాలిన ఈగను కూడా తోలుకోలేదు.