మూసిన తలుపు వెనక మగ్గం

మద్దయ్యకు రోగమూ ల్యాదు, పాడూ ల్యాదు, ఒట్టి వొళ్ళుబరువని గిడ్డమ్మ బాయికాడ అందరి ముందరా అనిందట. ఆ మాటను సిద్దమ్మ నీళ్ళబిందె చంకలో ఉండగానే మోసుకొచ్చి సుంకమ్మ గడపలో దించింది.

"నేనన్లేదు తల్లీ, ఆయమ్మే అనింది. పొద్దు పొడిచినప్పుడు మొదలైన మగ్గం చప్పుడు దీపాలేళకు గానీ ఆగదంట. సొంత మగ్గం మీద ఆడే చెయ్యి మంది పడుగుల కాడికి మాత్రం రాదంట. ఇదేం రోగమమ్మా, మనిషిని చూసి వస్తాండాది అనింది. అందరూ నగినారు. నేను నగల్యా."

"నువ్వూ నగింటావులే అక్కా," అంది సుంకమ్మ.

"రోంత నగినా. ఏం చేస్తు, ఆయమ్మ చెప్పే తీరు అట్లుంటాది."

సుంకమ్మ తలమీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. జుట్టులో నూలుదుమ్ము కనపడుతుందని ఆమె భయం. సిద్దమ్మ పిలుపు వినపడేదాకా ఆమె మగ్గం గుంటలోనే కూర్చుని ఉంది. లేచి, ఆ గది తలుపు మూసి వచ్చింది.

"పని చేసుకోకుంటే ఎట్లక్కా ఆయప్పకు, కడుపుకు కావాల గదా," అని మాత్రం అంది.

సిద్దమ్మ సందు మలుపు తిరిగేదాకా ఆగి, లోపలికి పోయి తలుపు మూసుకుంది. మళ్ళీ మగ్గం చప్పుడు మొదలైంది. గోడవారన చాపమీద పడుకున్న మద్దయ్య ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు. నేసేది అతనేనన్నట్టు భార్య ఆడిన అబద్ధం ఛాతీమీద తిరగలిరాయిలా కూర్చుంది.

మైదుకూరికి కోసెడు దూరంలో ఉండే ఆ మగ్గాల వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, గంజి కాస్తారు, పడుగుకు నూలు పోస్తారు. మగ్గం గుంటలో మాత్రం కాలు పెట్టరు. ఆడది గుంటలో దిగి నేసిన బట్ట శుభానికి పనికిరాదని అక్కడి కట్టుబాటు. ఎందుకని ఎవరూ అడగలేదు. రాయచోటి దాకా పెండ్లిచీరలు పంపే వీధి అది. ఆడది నేసిందన్న మాట బయటికి పొక్కితే ఇంకెవరూ చీర కొనరన్న భయం చాలు, కట్టుబాటు నిలబడడానికి.

నిరుడు ఊరంతటికీ జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే మద్దయ్యకూ వచ్చింది, అందరికీ పోయినట్టే పోయింది. పోతూ పోతూ ఒంట్లోని సత్తువంతా మూట కట్టుకుపోయింది. పేక నూలుండే నాడెను పడుగులోంచి విసరబోతే చెయ్యి పరాయివాడి చెయ్యిలా వేలాడేది. నిద్రపోయి లేస్తే పడుకోకముందు కంటే ఎక్కువ అలుపు. పుండైతే నలుగురికీ చూపించవచ్చు. దగ్గయితే వాళ్ళే వింటారు. అలుపును ఎక్కడ విప్పి చూపిస్తాడు?

లేహ్యం తిన్నాడు. గొర్రెలు కాసే ఏసన్న వచ్చి అతని బొడ్డుచుట్టూ వాతలు పెడితే పళ్ళు కరిచి ఓర్చుకున్నాడు. కడప దర్గాలో కట్టిన తాయెత్తు ఇంకా దండచేతికే ఉంది. సుంకమ్మ అతణ్ణి మోటారు బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయింది. అక్కడొక డాక్టరు గొట్టం పెట్టి విని, కళ్ళు లాగి చూసి, "నీకేం లేదయ్యా. తెల్లారి లేచి బాగా నడువు. కూర్చుంటే ఒళ్ళు ఇట్లాగే మొద్దుబారుతుంది," అన్నాడు. మద్దయ్య నడిచాడు. నడిచిన కొద్దీ మంచాన పడ్డాడు.  

ఎప్పుడైనా ఒకరోజు తెల్లవారేసరికి ఒళ్ళు తేలికగా ఉండేది. అటువంటి ఒకనాడు మైదుకూరు దాకా నడిచిపోయి హకీం బుడేన్ సాహెబ్‌కు చెయ్యి చూపించాడు. సాహెబ్ చాలాసేపు నాడి పట్టుకున్నాడు.

"నాడి చక్కగ ఉండాది. నీ మొగం చక్కగ ల్యాదు. ఇదేందో నాకు తెలీదు మద్దయ్యా. తెలీని రోగానికి మందిస్తే నా గడ్డానికి మర్యాద ఉండదు. పోయేటప్పుడు నడవాకు, బండెక్కి పో."

తెలీదని చెప్పిన మొదటి మనిషి అతను. సోమరివని అనకుండా తెలీదన్నందుకే మద్దయ్య ప్రాణం లేచివచ్చింది. ఇద్దరూ కాఫీ తాగారు. సాహెబ్ తన గడ్డం మీద తనే వేసుకున్న జోకుకు మద్దయ్య గట్టిగా నవ్వాడు. అదే సమయానికి గిడ్డమ్మ మొగుడు ఆంజనేయ ఆ దారిన పోతూ చూశాడు. ఆ తర్వాత తల ఎత్తి నీళ్ళు తాగలేక, సుంకమ్మ గుడ్డ తడిపి నోట్లో పిండిన దినాలు ఆంజనేయ చూడలేదు. ఆ దినాలకు తలుపులు మూసి ఉంటాయి.

అన్నిటికంటే మద్దయ్యను తినేది వేరే ఉంది. జ్వరం తర్వాత మగ్గం మీద సగం చీర ఆగిపోయినప్పుడు, ఒక మధ్యాహ్నం సుంకమ్మ అతని కాళ్ళ దగ్గర నిలబడి, "నేను దిగుతా," అంది. చిన్నప్పటినుంచి నాయన నేస్తుంటే చూసిన మనిషి. వద్దు అనడానికి అతనికి నోరు రాలేదు. దిగు అనడానికీ రాలేదు. "తలుపు మూసుకో," అన్నాడు.

ఆ రెండు మాటలే. అప్పటినుంచి ఆమె గాలి ఆడని గదిలో నేస్తోంది, వండుతోంది, అతనికి ఒళ్ళు తుడుస్తోంది. వీధి అతనికి సోమరి అని పేరు పెడుతోంది. వీధి పెద్ద కాశన్న, మద్దయ్యకు వరసకు చిన్నాయన, తన కూతురు నాగలక్ష్మి పెండ్లిచీర ఈ మగ్గం మీదే నేయించుకున్నాడు. చీర విప్పి అంచు వేలితో తడిమి చూసి, "నీ చెయ్యి ఏం పడిపోలేదప్పా, ఇట్లాంటి అంచు ముందు నీ చేతినుంచి గూడా నేను చూళ్ళేదు," అని అందరి ముందర తాంబూలం ఇచ్చాడు. మద్దయ్య పుచ్చుకున్నాడు. సుంకమ్మ వెనకాల ఆడవాళ్ళలో నిలబడి చూస్తోంది. ఆ తమలపాకులు అతను ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. నమలలేదు. ఎండిపోయినా తీసి పారెయ్యలేదు.

ఒక్కోసారి తనమీద తనకే అనుమానం వచ్చేది. తను చాప రుచి మరిగాడేమో. లేవాలని నిజంగా అనుకుంటే లేవలేడా?

సిద్దమ్మ వచ్చిపోయిన కొన్నాళ్ళకు ఇంట్లో కొత్త పడుగు తయారైంది. పడుగును వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. కుంచె రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని పడుగుకు అటూ ఇటూ నడుస్తారు. ఒక ఇంటివల్ల కాదు. ప్రతి ఇంటినుంచీ ఒక చెయ్యి రావాలి. రోగంతో పడినవాడి పడుగును మాత్రం బదులు అడక్కుండా వీధే చేసిపెడుతుంది. ఏడాదిగా మద్దయ్య పడుగులు అట్లాగే నడిచాయి.

ఈసారి ఎవరూ రాలేదు. సుంకమ్మ పొద్దు పొడవకముందే గంజికుండ బయట పెట్టి, పడుగు ఒక కొస కర్రకు కట్టి నిలబడింది. తలుపులు తెరుచుకున్నాయి, ముగ్గులు పడ్డాయి, చెయ్యి ఒక్కటీ రాలేదు. గంజి మీద మీగడ కట్టింది. చివరికి కాశన్న వచ్చాడు, వెనకాల ఆంజనేయ, ఇంకొందరు. అంత దూరాన గిడ్డమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

మద్దయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"రోగమంటే చెప్పు, మద్దయ్యా," అన్నాడు కాశన్న. గొంతులో కోపం లేదు. "ఇప్పుడే అందరమూ పడుగు పట్టుకుంటాం. రోగమైతే మగ్గం ఎట్లాడతాండాదో అది గూడా చెప్పు. నేసేదెవరు?"

సుంకమ్మ మొగుడి వైపు చూడలేదు. గంజిలో చెయ్యి పెట్టి ఉండలు చిదుముతోంది.

"నేనే నేస్తాండా, చిన్నాయనా," అన్నాడు మద్దయ్య. ఆమెను కాపాడడానికి అన్నాడో, తాంబూలం పుచ్చుకున్న తన చెయ్యిని కాపాడుకోవడానికి అన్నాడో అతనికే తెలియలేదు.

"మైదుకూర్లో కాఫీ తాగే దమ్ము ఉన్యప్పుడే అనుకున్యా," అన్నాడు ఆంజనేయ.

"నువ్వు ఉండప్పా." కాశన్న కుంచె ఒక కొస తను పట్టుకుని రెండో కొస మద్దయ్య వైపు చాచాడు. "నేసే చెయ్యి కుంచె పట్టలేదా? మీ పడుగే గదా. పట్టు."

పడుగు సాగదీశారు. మద్దయ్య పట్టాడు. ఇద్దరూ చెరొక పక్కన నడిచారు. మొదట బాగానే నడిచాడు. గిడ్డమ్మ పక్కనామెతో ఏదో అనడం, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం అతని కంటపడింది. ఇంకొంచెం నడిచాడు. చెవుల్లో హోరు. పడుగు పోగులు తెల్లటి నీళ్ళలా కదిలాయి. కాశన్నకు కుంచె బరువంతా ఒక్కసారిగా తన చేతిమీదికి వచ్చినట్టయింది. తల ఎత్తి చూసేసరికి మద్దయ్య పడుగు మీద పడి ఉన్నాడు. పోగులు తెగి గంజిబురదలో అతని చేతికి చుట్టుకున్నాయి.

సుంకమ్మ పరుగెత్తుకు వచ్చి తల ఒళ్ళోకి తీసుకుంది. ఎవరో నీళ్ళు తెచ్చారు. గిడ్డమ్మే తెచ్చింది. నీళ్ళు చల్లాక మద్దయ్య కళ్ళు తెరిచాడు, పెదవులు బూడిదలా ఉన్నాయి. కాశన్న పక్కన గొంతుక్కూర్చుని అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. నాడె పట్టి కాయకట్టిన చోట చర్మం పసిపిల్లవాడిదిలా మెత్తబడి ఉంది. తర్వాత సుంకమ్మ చెయ్యి చూశాడు, ఆ కాయలు అక్కడ ఉన్నాయి. మద్దయ్య చెయ్యి వదిలేశాడు.

"నేసేది సుంకి," అన్నాడు మద్దయ్య. మాట కూడదీసుకోవడానికి ఆగాడు. "తలుపు మూసుకోమనింది నేను. ఆమె తప్పేం ల్యాదు."

 ఆంజనేయ కాలి కింద తెగిన పోగు ఉంటే పక్కకు జరిగాడు.

కాశన్న లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది.

"వాడంటే పడుకున్యాడు. నీకు తెలీదా, సుంకమ్మా? ఆడది గుంటలో దిగి నేస్తే ఆ బట్ట శుభానికి కూడదని తెలిసి గూడా ఎట్ల దిగితివి?"

సుంకమ్మ మొగుడి చేతికి చుట్టుకున్న పోగులను ఒక్కొక్కటే విడదీస్తూ, తల ఎత్తకుండానే అంది.

"నాగలక్ష్మి పెండ్లికి కట్టింది నేను నేసిందే, మామా. ఇప్పుడు నెల తప్పి నీ ఇంట్లోనే ఉండాది గదా, పోయి చూడు. ఆ పిల్లకేమన్నా అయిందా?"