తప్పిపోయిన ఈరమ్మలు

ఉరుకుంద జాతరలో పిల్లలు తప్పిపోవడానికి ఎంతోసేపు పట్టదు, పట్టుకున్న చెయ్యి వదిలితే చాలు. అందుకే గుడి దగ్గరొకటి, బస్టాండు దగ్గరొకటి టెంట్లు వేశారు. దొరికిన పిల్లల పేరూ ఫొటో ఫోన్లో ఎక్కించే ప్రోగ్రాము ఆదోని అమ్మాయి అల్మాస్ రాసింది. శ్రావణ సోమవారం జనం పోటెత్తేసరికి అది నత్తనడక పట్టింది. అల్మాస్ గుడి టెంటులో లాప్‌టాప్ తెరిచి, బాగుచేసే పని కోడు రాసే ఏఐకి అప్పజెప్పింది.

దాని లోపల మాయేం లేదు. ఏం చెయ్యాలో చెప్పే మోడల్ ఒకటి, ఆ పని చేసిపెట్టే టూల్స్ కొన్ని. టూలు చేసింది చూసి మోడల్ ఇంకోటి చెప్తుంది. ప్రమాదమనిపించిన పనికి ముందు మాత్రం ఆగి మనిషిని అడుగుతుంది. అడిగి అడిగి ప్రాణం తీస్తోందని అల్మాస్ "ఇక అడగొద్దు" నొక్కేసింది.

కాసేపటికి ప్రోగ్రాము పరుగందుకుంది. అప్పుడే, హొళగుంద నుంచి జాతరకొచ్చిన హులిగమ్మ రొప్పుతూ టెంటులోకొచ్చి పడింది.

"నా కూతురు ఈరమ్మ కనపడల్యాదప్పా. నాలుగేండ్ల పిల్ల."

మైకు దగ్గరున్న జోయల్ ఫోను చూశాడు. "ఈరమ్మ, నాలుగేండ్లు. అప్పగించినట్లుందే అమ్మా. వాళ్ల నాయనొచ్చి తీసకపోయినాడంట."

"దాని నాయన సచ్చిపోయి ఏడాదాయప్పా," అంది హులిగమ్మ.

అల్మాస్ లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. ఏఐ చేసిన పనులు వెనక్కి తిప్పి చదివింది. ఒకే పేరు, ఒకే వయసు ఉన్న పిల్లల్ని రెండుసార్లు ఎక్కించారనుకుని అది ఎవర్నీ అడక్కుండానే ఒక్కటిగా కలిపేసింది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని కన్న పిల్లలందరూ ఈరన్నలూ ఈరమ్మలే. ఆ ముక్క దానికి చెప్పాల్సింది తనే. చెప్పలేదు.

వెనక్కి తెచ్చే బటన్ నొక్కింది. పాత కోడు వచ్చింది, పిల్లలు రాలేదు. ఆ బటన్ కాపాడేది ఏఐ మార్చిన ఫైళ్లనే, టూలుతో చెరిపిన వివరాల్ని కాదు. ఎవరో ఒక ఈరమ్మ తండ్రితో ఇంటికి పోతే, మిగతా ఈరమ్మలందరూ అప్పగించిన లెక్కలోకి పోయారు. ఇప్పుడు ఎవడొచ్చి నా పిల్ల అన్నా అడ్డుపడేవాళ్లుండరు.

"జల్దీ బస్టాండు టెంటుకు ఫోన్ సెయ్ జోయల్. ఏ పిల్లనీ ఎవరికీ ఇయ్యొద్దను," అంది.

బస్టాండు టెంటులో ఉన్న శేషప్ప ఎత్తాడు, జోయల్ స్పీకరు పెట్టాడు. "ఈడ ముగ్గురుండారు. పేరడిగితే ముగ్గురూ ఈరమ్మనే అంటారు. ఒకదానికి మామనంటా ఒకాయన వచ్చినాడు. ఫోన్లో అప్పగించినట్లే సూపిస్తాంది కదా, పంపిచ్చేదా?"

"వద్దన్నా," అంది అల్మాస్.

హులిగమ్మ ఫోను లాక్కుంది. ఈరమ్మా అని పిలిస్తే మూడు గొంతులూ పలికాయి. మూడూ ఏడుపు గొంతులే. కన్నతల్లికే తన బిడ్డది ఏదో తెలియలేదు. "అమ్మ నిన్ను ఇంట్ల ఏమని పిలుస్తాదే?" అంది.

శేషప్ప ఫోను ఒక్కో పిల్ల నోటి దగ్గరా పెట్టాడు.

"గుబ్బి," అంది సన్నగా ఒక గొంతు. గుబ్బి అంటే ఆ వైపు పిచ్చుక.

హులిగమ్మ ఉన్నచోటే కూలబడి భోరుమంది. కిందపడ్డ ఫోను అల్మాస్ తీసుకుంది.

"ఆయన మామనంటా అడిగింది ఈ పిల్లనేనమ్మా," అన్నాడు శేషప్ప. "నేను మీతో మాట్లాడ్తాంటే మెల్లగా జారుకున్యాడు."