నాలుగు గిన్నెల క్యారేజీ

అమ్మ జడ వేస్తోంది. దువ్వెన దిగిన ప్రతిసారీ దాంతోపాటు నాలుగు వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. అమ్మ వాటిని తీసి, వేలికి చుట్టి, ఒళ్ళో వేసుకుంటోంది. రోజూ అయితే ఈపాటికి ఒక నిట్టూర్పు, దాని వెనకే "పెద్ద డాక్టరుకు చూపించుకోవే తల్లీ" అన్న మాట రావాలి. ఇవాళ రాలేదు.

బొద్దక్క ఎదురుగా ఉన్న అద్దంలోంచి అమ్మ ముఖం చూసింది. కళ్ళ కింద నీలం తగ్గినట్టుంది.

"రాత్రి బాగా నిద్రపట్టిందే," అంది అమ్మ, తనకు తానే చెప్పుకున్నట్టు.

అమ్మకు నిద్రపట్టడం ఆ ఇంట్లో పెద్ద వార్త. పడుకున్నాక గ్యాసు కట్టామా లేదా అని లేచి చూసి, తలుపు గడియ చూసి, మళ్ళీ గ్యాసు చూసే మనిషి. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు బోల్తాపడిందనే లెక్క. ఎదురింటావిడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళొస్తానంటే చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అలాంటి మనిషికి, బరువు తగ్గడానికి కడుపు కోయించి చిన్నది చేయించుకోబోతున్నానని ఎలా చెప్పడం? బొద్దక్క చెప్పలేదు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసేస్తారు, రెండ్రోజుల్లో ఇంటికొస్తానని చెప్పింది. వచ్చాక అమ్మ మంచం పక్కన కూర్చుని, "ఏవీ రాళ్ళు? చూపించలేదా? ఉంచేసుకున్నారా?" అని అడిగింది. అడగడం వరకే. నమ్మింది.

అదే తప్పైంది. రాళ్ళు తీసిన మనిషి కోలుకోవాలి. ఈ మనిషి కరిగిపోతోంది. జాకెట్లు భుజాల మీంచి జారుతున్నాయి, జుట్టు ఊడుతోంది, ముఖంలో బుగ్గలు పోయి ఎముకలు వచ్చాయి. అమ్మకు తెలిసిన లెక్కలో దీనికి ఒకటే పేరుంది. ఆ పేరు ఆవిడ పైకి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం. దానికి బదులు క్యారేజీ నింపేది. నాలుగు గిన్నెలది. అడుగున అన్నం, పైన పప్పు, ఆ పైన కూర, అన్నిటికన్నా పైన రెండు గుడ్లో, బంగాళాదుంప వేపుడో. మూత వేయడానికి అరచేత్తో అదిమేది. సాయంత్రం ఖాళీగా వస్తే "తింటోంది కదా, మరి ఒంటికెందుకు పట్టట్లేదు" అని ఇంకా భయపడి, మర్నాడు ఇంకాస్త కూరేది.

ఇవాళ వాకిట్లో చెప్పులేసుకుంటుంటే అమ్మ చేతికి పాత తుండుగుడ్డలో కట్టిన చిన్న మూట ఇచ్చింది.

"క్యారేజీ ఏదీ?"

"కొక్కెం ఊడింది. చేయించాలి. ఇవాళ్టికి ఇది పట్టుకుపో."

మూట చేతిలో అసలు బరువే లేదు. బొద్దక్కకు ముందు తను పనిచేసే చోట కాపలా ఉండే గేటు తాత గుర్తొచ్చాడు. ఆయన ఇవాళ ఏం తింటాడు? ఆ తర్వాత అమ్మ చేతులు గుర్తొచ్చాయి. వండే ఓపిక తగ్గిందేమో.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"నాకేం? రాయిలా ఉన్నాను. సాయంత్రం తిన్నగా ఇంటికి రా. దారిలో నిలబడకు."

*

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. లోపలికి అడుగుపెడితే ఆవిరి ముఖానికి తడిగుడ్డలా అంటుకుంటుంది. ఒకవైపు ఉతికే డ్రమ్ములు తిరుగుతుంటాయి. ఇంకోవైపు వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి తెల్లగా, కాగితంలా జారి వస్తుంది. దాన్ని పట్టుకుని మడిచే చోట బొద్దక్క పని. ఇద్దరు చెయ్యాల్సిన పని. చెరో రెండు మూలలు పట్టుకుని వెనక్కి నడవాలి, ఒక్క గుంజు గుంజాలి, దగ్గరికి రావాలి, మూలలు ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోవాలి, మళ్ళీ వెనక్కి. ఎదురుగా నిలబడే ఆవిడ పన్నెండేళ్ళుగా ఒకావిడే. అందరూ ఆవిణ్ణి జోడీ అనే పిలుస్తారు. మాటలన్నీ దగ్గరికి వచ్చినప్పుడే. దూరంగా ఉంటే డ్రమ్ముల చప్పుడుకు వినపడదు.

"ఏంటి, మొహం అలా ఉంది?" అంది జోడీ మూలలు అందిస్తూ.

వెనక్కి వెళ్ళారు. గుంజారు. బొద్దక్క ఒకడుగు ముందుకి తూలింది. ఒకప్పుడు గుంజితే జోడీయే వచ్చి పడేది.

"అమ్మ క్యారేజీ ఇవ్వలేదు."

వెనక్కి.

"అమ్మయ్య. గేటు తాతకి పొట్ట తగ్గుద్ది."

వెనక్కి.

"నీ పేరు మార్చాలే ఇక. సన్నక్క అందామంటే నోరు తిరగట్లేదు."

"ఉండనీ. అలవాటైంది."

అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడని మనిషి. బొద్దుగా ఉండేది కాబట్టి బొద్దక్క. ఇప్పుడు పేరు మిగిలింది, బొద్దు పోయింది. మోకాళ్ళు దుప్పటి బరువుకే వంగిపోతున్నాయనీ, షుగరు మందులకి లొంగట్లేదనీ డాక్టరు చెప్తే ఆపరేషనుకి ఒప్పుకుంది. ఆయన చాలా ఓపికగా, బొమ్మ గీసి మరీ చెప్పాడు. కడుపు అరటికాయంత అవుతుంది. మూడు చెంచాలు, నాలుగు చెంచాలు. నమిలి నమిలి మింగాలి. తీపి తింటే చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. మోకాళ్ళ నొప్పి తగ్గింది, షుగరు దిగింది. ఆకలి పోతుందని కూడా చెప్పాడు. ఆకలి పోయాక సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

ఆరింటికి లాండ్రీ నుంచి బయటపడి, మలుపులో ఉన్న బేకరీలో రెండు వెన్నబన్నులు కొనుక్కుని, పక్క మెట్ల మీద కూర్చుని తినేది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మొదటి బన్నుకి రోజంతటి బరువు దిగిపోయేది. రెండోది తనకోసం. మొగుడు ఇంకొకావిణ్ణి చూసుకుని వెళ్ళిపోయిన వారమంతా ఆ మెట్ల మీదే గడిచింది. నాన్న పోయిన రోజు, చుట్టాలంతా ముందుగదిలో ఉంటే, వంటింట్లో నిలబడి చల్లారిన అన్నం గిన్నెడూ తినేసింది. ఏడవలేదు. తినడం అయ్యేసరికి ఏడుపు దానంతటదే సర్దుకుంది. మిగతావాళ్ళకి దేవుడో, సిగరెట్టో, అక్కచెల్లెళ్ళో ఉంటారు. తనకు అదొక్కటే ఉండేది. దాన్ని కోసి, చిన్న ట్రేలో వేసి, ఎక్కడో పారేశారు.

ఆపరేషనయ్యాక ఒక్కసారి బన్ను కొంది. సగం తిని, అదే మెట్ల మీద కక్కుకుంది. బేకరీ అతను నీళ్ళు తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి కొనలేదు గానీ, వాసన వచ్చే చోట కాసేపు నిలబడి వెళ్తుంది. పాత ఇంటి ముందు నిలబడినట్టు.

*

మధ్యాహ్నం గంట మోగింది. రోజూ ఆ గంటకి క్యారేజీ గేటు గదిలో ఇచ్చేసి, నాలుగు చెంచాలు మాత్రం మూతలో వేసుకుని షెడ్డు వెనక నీడలో కూర్చునేది. మిగిలిందంతా గేటు తాత తిని, గిన్నెలు కడిగి ఇచ్చేవాడు. ఇవాళ మూటతో వెళ్ళేసరికి తాత ముందు అప్పటికే రొట్టె, ఉల్లిపాయ ముక్కలు ఉన్నాయి.

"ఇవాళ నాకేం రాదని తెలుసులే," అన్నాడు.

"ఎలా తెలుసు తాతా?"

తాత రొట్టె కింద పెట్టాడు. "నిన్న మీ అమ్మొచ్చింది. నువ్వు షెడ్డు వెనక ఉన్నావు. తిన్నగా నా దగ్గరికే వచ్చి, 'నా కూతురు తింటోందా లేదా, నిజం చెప్పు' అంది. అబద్ధం చెబుదామంటే నోట్లో ముద్దుంది. మీ అమ్మ వండిన ముద్దే. ముందు నాలుగు గిన్నెలూ పరిచి ఉన్నాయి."

బొద్దక్క గుమ్మం పట్టుకుంది.

"ఏం చెయ్యను? చెప్పేశాను. కడుపు కోసి చిన్నది చేశారు, ఎక్కువ పట్టదు, అందుకే చిక్కిందీ అని. 'అయితే ఆ జబ్బు కాదా' అంది. కాదమ్మా అన్నాను. ఒట్టెయ్యమంది. వేశాను. ఈ కుర్చీలో కూలబడి కాసిని మంచినీళ్ళు తాగింది. ఇంతకీ కూర ఎలా ఉందీ అని అడిగింది. ఉప్పు తగ్గిందన్నాను. 'రేపట్నుంచి నీకు రాదు, కావలసినంత ఉప్పేసుకుని వండుకో' అంది."

"నన్ను తిట్టిందా?"

"లేదు. 'అది తనంతట తాను చెప్పేదాకా నేనడగను, నువ్వూ చెప్పకు' అంది. నాకు కడుపులో మాట ఆగదు. నాది కొయ్యలేదుగా."

నీడలో కూర్చుని మూట విప్పింది. లోపల చిన్న సత్తుగిన్నె. అంచు మీద నొక్కులు. తనకు పళ్ళొచ్చే రోజుల్లో కొరికిన నొక్కులు అవి. ఈ గిన్నె ఇంకా ఉందని కూడా తనకు తెలియదు. అందులో మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, సగం గుడ్డు. పక్కన చిన్న చెంచా. అమ్మ అన్నాన్ని చేత్తో మెదిపిన గుర్తులు, వేళ్ళ చారలు, ఇంకా ఉన్నాయి.

ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని, నీరయ్యేదాకా నమిలింది. ఉప్పు సరిగ్గా ఉంది. షెడ్డు నీడ జరిగి కాళ్ళ మీద ఎండ పడేసరికి గిన్నె అడుగు కనిపించింది. ఆపరేషనయ్యాక గిన్నె అడుగు చూడటం ఇదే మొదలు. మూతలో వేసుకున్నదాంట్లోనూ ఎప్పుడూ మిగలడమే. మిగిలినదాన్ని చూస్తూ కూర్చోవడమే తినడం కన్నా కష్టంగా ఉండేది. చెంచాతో అడుగంతా గీకి, ఆ చప్పుడు విని, ఇంకోసారి గీకింది.

మధ్యాహ్నమంతా దుప్పట్లు మడుస్తూ ఏం చెప్పాలో అనుకుంది.

"అమ్మకి తెలిసిపోయింది," అంది, మూలలు అందిస్తూ.

వెనక్కి. గుంజారు. ఈసారి తూలలేదు.

"ఏమంటుంది?"

"ఏమీ అనలేదు. ఇవాళ నేనే చెప్తాను."

వెనక్కి.

"ఇంకేం చెప్తావ్, తెలిశాక?"

"అంతా తిన్నానని చెప్తాను."

*

దారిలో నిలబడొద్దంది అమ్మ. అయినా బేకరీ దగ్గర నిలబడింది. ఈసారి ఒక వెన్నబన్ను కొంది, అమ్మ కోసం. బేకరీ అతను ఆమెనీ, మెట్లనీ అనుమానంగా చూశాడు. "నాక్కాదులే," అంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. తల ఒక పక్కకి వాలింది. ఒళ్ళో బొద్దక్క నీలం జాకెట్టు. ఒక పక్క కుట్టు విప్పి లోపలికి మడిచి కుట్టింది, రెండో పక్కకి గుండుసూదులు పెట్టి ఉన్నాయి. సూది జాకెట్టుకే జాగ్రత్తగా గుచ్చి ఉంది, ఎక్కడ పోతుందో, ఎవరి కాల్లో దిగుతుందో అని ఎప్పుడూ గుచ్చినట్టే.

"అమ్మా, అంతా తిన్నాను," అంది బొద్దక్క. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా తెలియలేదు.

వీధి చివరి డాక్టరు వచ్చి చూశాడు. మధ్యాహ్నం కునుకులోనే పోయి ఉంటుంది, బాధ తెలిసి ఉండదు అన్నాడు. ఎదురింటావిడ వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు. అమ్మను మంచం మీదకి మార్చారు. ఎవరో ఫోన్లు చేస్తున్నారు. బొద్దక్క వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. కాళ్ళు అలవాటుగా అక్కడికే తీసుకెళ్ళాయి. పొయ్యి మీద మిగిలిన అన్నం ఉంది. గిన్నె మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. సంచీలోంచి బన్ను తీసి, గోరంత ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. నమలడం ఎంతసేపైనా అవ్వలేదు, ఎందుకంటే మధ్యలో ఏడుపు వచ్చింది. ఈసారి దాన్ని మింగెయ్యడానికి లోపల చోటు లేదు. అలమర పట్టుకుని, నోట్లో ముక్కతోనే, చాలాసేపు ఏడ్చింది. ఎదురింటావిడ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. వేసి ఉంచింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే, అలమర కింది అరలో క్యారేజీ చట్రం ఉంది. కొక్కెం వేసి చూసింది. టక్కున పడింది, ఊడిందేమీ లేదు. గిన్నెలు నాలుగూ పక్కన వరసగా పెట్టి ఉన్నాయి, తోమి, తుడిచి. ఒకదాంట్లో దారపు రీళ్ళు, ఒకదాంట్లో హుక్కులు, ఒకదాంట్లో తన జాకెట్ల నుంచి కత్తిరించిన పీలికలు. అన్నిటికన్నా పెద్దది, అన్నం పెట్టే అడుగు గిన్నె, అంచు దాకా గుండీలతో నిండి ఉంది.